బోర్డు మీది పేరు, కాగితం మీది పేరు
(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను, కరవు భత్యం బకాయిలు, వైద్య బిల్లులు మన సమావేశాల్లో ఎప్పుడూ వుండే విషయాలే. ఈసారి కార్యదర్శిగారు నన్ను వేరే సంగతి మాట్లాడమన్నారు. "మనవాళ్ల పిల్లలు దుకాణాలు పెడుతున్నారు. మన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ పైసలు అందులోకే పోతున్నాయి. కాగితాల సంగతి కాస్త చెప్పండి" అన్నారు. కాగితాలన్నీ చెప్పాలంటే రోజంతా చాలదు. అందుచేత మొదటి కాగితంలో మొదటి గడి సంగతి మాత్రం చెబుతాను. అది వ్యాపారం పేరు.

పేరులో ఏముంది అని కొట్టిపారేయకండి. నేను బ్యాంకు కౌంటరు వెనుక 30 ఏళ్లకు పైగా కూర్చున్నవాణ్ణి. చెక్కు మీద అంకె తప్పయితే మనిషి నవ్వి సరిచేసుకుని వచ్చేవాడు. పేరు తప్పయితే మాత్రం నెలల తరబడి తిరిగేవాడు.

మన వైపు పేరు పెట్టే పద్ధతి మీకు తెలిసిందే. పంతులుగారికి నక్షత్రం చెబితే మొదటి అక్షరం ఆయన చెబుతారు. ఆ తర్వాత ఇలవేల్పు. గద్వాల వాళ్లకు జములమ్మ, అలంపురం వైపు జోగులాంబ, మిగిలినవారికి వేంకటేశ్వరుడో, లక్ష్మో, ఆంజనేయుడో. ఈ మధ్య సంఖ్యాశాస్త్రం వారు కూడా వచ్చారు. ఇంగ్లీషు స్పెల్లింగులో 'ఎ' అక్షరం ఇంకొకటి కలపమంటారు. దేవుడి పేరు పెట్టుకుంటే నాకేం ఆక్షేపణ? అదనపు 'ఎ' మీద కూడా నాకు కోపం లేదు. కాని ఆ 'ఎ' బోర్డు మీద వుండి, బ్యాంకు ఖాతాలో లేకపోతే కలిసి వస్తుందన్న అదృష్టం కౌంటరు దగ్గరే ఆగిపోతుంది.

అసలు విషయానికి వస్తాను. ఒక మనిషి ఒంటరిగా దుకాణం పెట్టాడనుకోండి. బోర్డు మీద 'శ్రీ లక్ష్మీ ట్రేడర్స్' అని రాయించాడు. చట్టం దృష్టిలో శ్రీ లక్ష్మీ ట్రేడర్స్ అనే మనిషి ఎవరూ లేరు. వున్నది ఆ యజమాని ఒక్కడే. బోర్డు అతను తొడుక్కున్న చొక్కా లాంటిది. అప్పు చేసింది అతను, పన్ను కట్టవలసింది అతను. కోర్టులో దావా ఆ బోర్డు పేరు మీదే వేయవచ్చు, సివిల్ ప్రొసీజర్ కోడ్ అందుకు వీలిచ్చింది. కాని డిక్రీ వచ్చాక జప్తుకు పోయేది అతని ఇల్లూ, అతని పొలమే. చాలామంది పిల్లలు "అప్పు దుకాణానిది నాయనా, మనది కాదు" అంటారు. సొంత దుకాణం విషయంలో ఆ మాటకు అర్థం లేదు.

2017 జూలై 1 నుంచి జి.ఎస్.టి. వచ్చింది కదా. ఆ దరఖాస్తులో పేరుకు రెండు గడులు వుంటాయి. ఒకటి చట్టబద్ధమైన పేరు, రెండోది వ్యాపార నామం. మొదటి గడిలో మనం ఆలోచించి పెట్టేదేమీ లేదు. పాన్ కార్డులో ఎలా వుంటే అలాగే వస్తుంది. సొంత దుకాణమైతే అది యజమాని పేరే. శ్రీ లక్ష్మీ ట్రేడర్స్ రెండో గడిలోకి పోతుంది. జి.ఎస్.టి. నంబరు 15 అక్షరాలది. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తెలంగాణకు 36. తర్వాతి పది అక్షరాలు ఆ పాన్ నంబరే. అంటే బోర్డు ఎంత పెద్దదైనా నంబరు లోపల కూర్చున్నది మనిషే.

ఇక్కడ మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక తంటా వుంది. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు వుంటుంది. పాన్ కార్డులో అదే చివరకు పోతుంది. ఆధార్‌లో ఒట్టి పొడి అక్షరం మిగులుతుంది. ఊళ్ల పేర్లు ఇంకా విచిత్రం. వనపర్తిని ఇంగ్లీషులో 'డబ్ల్యు'తో రాసేవారున్నారు, 'వి'తో రాసేవారున్నారు. చివర 'వై' పెట్టేవారు, 'ఐ' పెట్టేవారు. లక్ష్మికి ఎన్ని స్పెల్లింగులో ఆ తల్లికే తెలియాలి. తెలుగులో అన్నీ ఒకటే. కంప్యూటరుకు అన్నీ వేరువేరు.

నాకు తెలిసిన ఒక రిటైర్డు మిత్రుడి కుమారుడు ఒక సంస్థకు ఫర్నిచరు సరఫరా చేశాడు. బిల్లు బోర్డు పేరు మీద ఇచ్చాడు. చెక్కు ఆ పేరు మీదే వచ్చింది, అకౌంట్ పేయీ అని అడ్డగీతలు గీసి. అబ్బాయికి వున్నది తన సొంత పేరు మీద సేవింగ్స్ ఖాతా. అటువంటి చెక్కును అందులో రాసిన పేరుగల ఖాతాకు తప్ప మరొక ఖాతాకు జమచేయడానికి వీల్లేదు. అది రిజర్వు బ్యాంకు నిబంధన, మేనేజరు మొండితనం కాదు. దుకాణం పేరు మీద కరెంటు ఖాతా తెరుద్దామంటే, ఆ పేరుతో వ్యాపారం నడుస్తున్నట్లు చూపే కాగితాలు రెండు కావాలన్నారు. మునిసిపాలిటీ లైసెన్సులో ఒక స్పెల్లింగు, షాపుల చట్టం రిజిస్ట్రేషనులో మరొకటి. చెక్కు గడువు మూడు నెలలు. గడువు దాటింది. కొత్త చెక్కు కోసం ఆ అబ్బాయి తిరిగిన తిరుగుడు ఆ వయసులో కాబట్టి తిరగగలిగాడు.

ఇప్పుడు చెక్కులు తగ్గాయి, కౌంటరు మీద కోడు అట్ట పెడుతున్నారు గదా అనవచ్చు. అక్కడా ఇదే. కోడును ఫోనుతో చూస్తే బోర్డు మీది పేరు కాక ఇంకెవరిదో పేరు కనబడితే కొనుగోలుదారు ఒక్క క్షణం ఆగుతాడు. ఆగడం న్యాయమే.

కాబట్టి షాపుల రిజిస్ట్రేషను, మునిసిపాలిటీ లైసెన్సు, ఉద్యం నమోదు, జి.ఎస్.టి. అవసరమైతే అదీ, బ్యాంకు ఖాతా, అన్నింటిలో వ్యాపార నామం ఒకే అక్షరక్రమంలో వుండాలి. ఉద్యం నమోదు 2020 జూలై 1 నుంచి వుంది. దానికి ప్రభుత్వ రుసుము ఏమీ లేదు. వేలకు వేలు అడిగే దళారులున్నారు, జాగ్రత్త. తినే సరుకు అమ్మేవారికి ఇంకొకటి. వనపర్తి వేరుశనగతో గానుగ నూనె పట్టి సీసాల్లో పోసినా, నల్లమల తేనె సీసాకెక్కించినా, ఆ సీసా మీద తయారుచేసిన లేక ప్యాక్ చేసిన వారి పేరు, చిరునామా వుండి తీరాలి. ఆహార లైసెన్సులో వున్న పేరే అక్కడ వుండాలి.

ఇక ఎవరి పేరు మీద పెట్టాలన్నది. దీని మీద నా అభిప్రాయం కొందరికి రుచించదు. ఉద్యోగంలో వుండగా ప్రవర్తనా నియమావళి మనను వ్యాపారం చేయనివ్వలేదు. రిటైరయ్యాక ఆ కట్టు వుండదు గనుక, పెట్టుబడి మనదే గనుక, "నా పేరు మీదే వుండనీ" అంటాం. కొడుకు మీద అనుమానం కాకపోవచ్చు, మన డబ్బు మన కళ్ల ముందు వుండాలన్న ఆశ. కాని సొంత దుకాణం రిజిస్ట్రేషను మనిషితోపాటు పోతుంది. యజమాని కాలం చేస్తే ఆ జి.ఎస్.టి. నంబరు కొడుక్కు దఖలు పడదు. అతను తన పాన్ మీద కొత్త నంబరు తీసుకోవాలి, పాతది రద్దు చేయించాలి, నిలవ సరుకు మీది పన్ను జమ మళ్లించుకోవాలి. ఖాతా ఆగిపోతుంది, సరుకు ఇచ్చిన సేటు ఆగడు. కర్మకాండల రోజుల్లో ఆ ఇంటివాళ్లు ఇవన్నీ చేయాలి. దుకాణం నడిపేది ఎవరో వారి పేరు మీదే పెట్టండి. డబ్బు మనదైతే అప్పు పత్రం రాయించుకోండి. కొడుకు దగ్గర పత్రమా అంటారేమో, కోడలు, కూతురు, అల్లుడు అందరికీ లెక్క తెలిసి వుంటే ఇంట్లో మాటలు తగ్గుతాయి. లేదా భాగస్వామ్యం పెట్టుకోండి.

భాగస్వామ్యమంటే 1932 నాటి చట్టం. ఫర్ము పేరు రిజిస్ట్రేషను శాఖలో ఫర్ముల రిజిస్ట్రారు దగ్గర నమోదవుతుంది. నమోదు తప్పనిసరి కాదంటారు, నిజమే. కాని నమోదు కాని ఫర్ము తనకు రావలసిన బాకీ కోసం బయటివారి మీద దావా వేయలేదు. అరువు మీద నడిచే మన ఊళ్లలో ఇది చిన్న లోటా?

ఈ చట్టంలో నాకెంతో ఇష్టమైన సెక్షను ఒకటుంది, 58. ఫర్ము పేరులో వుండకూడని మాటల జాబితా అందులో వుంది. క్రౌన్, ఎంపరర్, ఎంప్రెస్, ఎంపైర్, ఇంపీరియల్, కింగ్, క్వీన్, రాయల్. ప్రభుత్వం మద్దతు వున్నట్లు ధ్వనించే మాటలు కూడా వుండకూడదు. రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప. తెల్లదొర పోయి ఎన్నేళ్లయింది, ఆయన కిరీటం మాత్రం ఇంకా ఆ సెక్షనులో భద్రంగా వుంది. మనవి సంస్థానాల ఊళ్లు. గద్వాల కోట, వనపర్తి రాజావారి భవనం, కొల్లాపూర్ భవనం చూస్తూ పెరిగిన పిల్లలకు 'రాయల్' అని పెట్టుకోవాలని వుంటుంది. సొంత దుకాణానికి ఆ సెక్షను అడ్డురాదు. అన్నదమ్ములిద్దరు కలిసి ఫర్ముగా నమోదుకు పోయిననాడు అదే పేరు వెనక్కు వస్తుంది. అప్పటికి బోర్డు, బిల్లుపుస్తకాలు, సంచులు అచ్చయిపోయి వుంటాయి. ఆంగ్ల మాటల జాబితా అది, మన 'రాజా' అందులో లేడు.

బ్యాంకు మనిషిగా ఇంకొకటి చెప్పాలి. వ్యాపారం పేరులో 'బ్యాంకు' అనే మాట వాడకూడదు. 1949 నాటి బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం ఏడో సెక్షను కంపెనీలకే కాదు, ఫర్ములకూ, ఒంటరి మనిషికీ కూడా వర్తిస్తుంది. 'చిట్‌ఫండ్' అన్న మాట చిట్టీల చట్టం కింద చిట్టీ వ్యాపారం చేసేవారిదే. గాంధీ, నెహ్రూ, శివాజీ పేర్లు వ్యాపారానికి వాడుకోకుండా 1950లో ఒక చట్టం చేశారు. చూస్తే ప్రతి ఊళ్లో ఒకటి వుంటుంది, అది వేరే సంగతి. ఇంకొకరు 'ప్రైవేట్ లిమిటెడ్' అని సొంత దుకాణం బోర్డు మీద గొప్ప కోసం రాయించారు. కంపెనీగా నమోదు కాకుండా అలా రాస్తే రోజుకు 500 నుంచి 2000 రూపాయల దాకా జరిమానా.

అన్నదమ్ములన్నాను కదా. పేరు విషయంలో మన ఊళ్లలో ఎక్కువ కన్నీళ్లు అక్కడే చూశాను. తండ్రి పెట్టిన కిరాణం, తండ్రి పెట్టిన పేరు. ఇద్దరు కొడుకులు కొన్నాళ్లు కలిసి నడిపారు. విడిపోయినప్పుడు గల్లా, సరుకు, త్రాసు, గోడలు అన్నీ పంచుకున్నారు. పేరు పంచడం ఎవరికీ తోచలేదు. ఎదురెదురుగా రెండు దుకాణాలు లేచాయి. ఒకటి 'పాత', రెండోది 'అసలు'. పల్లె నుంచి వచ్చిన రైతు ఏ దుకాణంలో బాకీ వున్నాడో అతనికే తెలియని పరిస్థితి. తల్లి ఒకరింట్లో అన్నం తింటే రెండోవారు అలిగారు. ఫర్ము రద్దయ్యాక లెక్కలు తేలేదాకా అదే పేరుతో అదే వ్యాపారం ఒక భాగస్తుడు చేయకుండా ఇంకొకడు ఆపవచ్చునని 53వ సెక్షను చెబుతుంది. మంచిపేరు అంటే గుడ్‌విల్, అదీ ఆస్తే, లెక్కలో చేర్చి అమ్మవచ్చునని 55వ సెక్షను. ఇవి కోర్టుకు పోయాక పనికొచ్చేవి. భాగస్వామ్య పత్రం రాసేనాడే "విడిపోతే ఈ పేరు ఫలానావారిది, రెండోవారికి ఇంత ముట్టాలి" అని ఒక్క వాక్యం రాయించండి. శుభమా అని వ్యాపారం పెడుతుంటే విడిపోయే మాటేమిటి అంటారు పెద్దలు. వారిముందే రాయించండి.

ఇక మన గద్వాల పేరు. నూలు నేతకు పట్టు అంచు, పట్టు కొంగు అతికి నేసే ఆ చీరకు భౌగోళిక గుర్తింపు వుంది. అందుచేత 'గద్వాల' అన్న మాట చీరల విషయంలో ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఆ ప్రాంతపు నేతగాళ్లందరిదీ. 1999లో చేసి 2003లో అమల్లోకి తెచ్చిన చట్టం అది. అలా నమోదైన పేరును ఎవరూ తమ ట్రేడ్‌మార్కుగా రాయించుకోలేరు. ట్రేడ్‌మార్కు చట్టం కూడా సరుకు ఎక్కడిదో చెప్పే ఒట్టి ఊరి పేరును మామూలుగా నమోదు చేయదు. కాబట్టి 'గద్వాల శారీ సెంటర్' అని బోర్డు పెడితే అసలు చీరలే అమ్ముతున్నంతవరకు తప్పులేదు. కాని ఆ పేరు మీకు కాపలా కాయదు. పక్క వీధిలో ఇంకొకరు 'న్యూ గద్వాల శారీ సెంటర్' పెడితే మీరు ఆపలేరు, ఎందుకంటే అందులో మీదంటూ ఒక్క అక్షరం లేదు. పదేళ్ల తర్వాత మీ గిరాకీ సగం ఆయన గడపలో వుంటుంది. ఊరి పేరు పక్కన మీదైన మాట ఒకటి వుండాలి. ఇంటిపేరో, అమ్మమ్మ పేరో, మీరు కల్పించుకున్న మాటో. దాన్ని మీరు నమోదు చేయించుకోవచ్చు.

దీనికి రెండో వైపు వుంది, అది నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. మరమగ్గం మీద ఎక్కడో నేసిన చీరను గద్వాల చీరని అమ్మితే కొన్నవారే కాదు, మగ్గం గుంటలో కూర్చున్న నేతగాడు కూడా మోసపోతున్నాడు. అతనికి భౌగోళిక గుర్తింపు చట్టం కింద అధీకృత వినియోగదారుగా నమోదయ్యే హక్కు వుంది. నమోదైతే దొంగ చీర మీద అతనే దావా వేయవచ్చు. మన సభ్యుల్లో నేత కుటుంబాలవారున్నారు. మీ బంధువుల్లో మగ్గం మీద వున్నవారు ఈ నమోదు చేయించుకున్నారో లేదో దయచేసి కనుక్కోండి. దుకాణాల బోర్డుల కంటే ఇది ముఖ్యమని నా ఉద్దేశం.

మన పేరు కాపాడుకోవడమే కాదు, ఎదుటివారి పేరు మీద పడకుండా చూసుకోవాలి. అహ్మదాబాదులో 'ముక్తజీవన్ కలర్ ల్యాబ్' అని ఒక ఫోటో స్టూడియో వుండేది. మరొకరు అదే పేరుతో తమ స్టూడియో నడపబోతే కేసు నడిచింది. రెంటికీ మధ్య నాలుగైదు కిలోమీటర్ల దూరం వుందని కింది కోర్టు నిలుపుదల ఉత్తర్వు ఇవ్వలేదు, హైకోర్టూ ఇవ్వలేదు. 2001 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చింది. కోట్ల కంపెనీ కాదు, మన బస్టాండు దగ్గర వుండేలాంటి ఫోటో దుకాణం. అదే సంవత్సరం 'మహేంద్ర' అనే పేరు మీద 'మహీంద్రా' వారు గెలిచారు. ఒక దీర్ఘం తేడా రక్షించలేదు. హైదరాబాదు పెద్ద దుకాణం పేరుకు చివర ఒక అక్షరం మార్చి మన ఊళ్లో పెడితే ఎవరు చూస్తారులే అనుకునే రోజులు కావివి, ఫోనులో అందరూ చూస్తున్నారు. పేరు ఖాయం చేయకముందే ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వారి వెబ్‌సైటులో, కంపెనీల మంత్రిత్వశాఖ వెబ్‌సైటులో వెతికించండి. పిల్లలు పది నిమిషాల్లో చేస్తారు, ఖర్చు లేదు. మార్కు నమోదు చేయిస్తే పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ పొడిగించుకోవాలి. మన రాష్ట్రానికి రిజిస్ట్రీ కార్యాలయం చెన్నైలో వుంది, అయినా దరఖాస్తు ఇంటినుంచే పంపవచ్చు.

కంపెనీ పెట్టే పిల్లలు తక్కువ గనుక దాని గురించి రెండే ముక్కలు. కంపెనీ చట్టం దృష్టిలో వేరే మనిషి. అందుకే దాని పేరు ముందుగా పరిశీలనకు పోతుంది. వున్న కంపెనీ పేరుకు బహువచనం చేర్చినా, మాటల మధ్య ఖాళీ తీసినా, స్పెల్లింగు మార్చినా అదే పేరుగా లెక్కిస్తారు. మంజూరైన పేరు కొత్త కంపెనీకి మామూలుగా 20 రోజులు నిలుస్తుంది, ఈలోగా మిగతా కాగితాలు పెట్టాలి.

ఒకటి మరిచిపోయాను. బోర్డు మీద తెలుగు పైన వుండాలని, ఇతర భాషలు దాని కింద రాయాలని షాపుల నియమాల్లో వుంది. పేరు తెలుగులో ఎలా రాయించాలో ముందే అనుకోండి, పెయింటరుకు వదిలితే వత్తులు ఆయన ఇష్టం. జి.ఎస్.టి. వున్నవారు ఆ నంబరు కూడా బోర్డు మీద కనబడేటట్లు రాయించాలి. 2016 అక్టోబరు 11న మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ జిల్లాలయ్యాయి గదా, పాత కాగితాల్లో ఇంకా మహబూబ్‌నగర్ జిల్లా అనే వుంటే చిరునామా మార్పించుకోండి.

భోజనాల తర్వాత నేను వరండాలో కూర్చుంటాను. పిల్లల పాన్, ఆధార్, లైసెన్సు నకళ్లు తెచ్చుకున్నవారు తీసుకురండి, అక్షరాలు పక్కపక్కన పెట్టి సరిచూద్దాం. నా చూపు మందగించింది, కాస్త పెద్ద అక్షరాల నకలుంటే అది ఇవ్వండి.